హారతి తగిలిన తాడు

మా జమ్మలమడుగులో, పెన్నా లోయలోకి తాడు కట్టుకుని దిగుతానని చెబితే ఎవరైనా మొదట అడిగే మాట ఒకటే: "ఏం పారేసుకున్నావప్పా ఆడ?" మనిషి లోయలోకి దిగాడంటే ఏదో పారేసుకునే దిగి ఉండాలి. తప్పిపోయిన మేక కోసమో, తేనెతుట్టె కోసమో అంటే అర్థం చేసుకుంటారు. ఊరికే దిగి ఊరికే ఎక్కి రావడం, పైగా నలుగురిని వెంటేసుకుని వాళ్ళకూ అదే నేర్పించడం మా వాళ్ళ దృష్టిలో పనీపాటా లేనివాళ్ళ వ్యవహారం. మా నాన్న బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. నా సంచిలోంచి తొంగిచూసే తాడును చూసి, "బావిలో బిందె పడినాదా ఏందిరా?" అని అడిగేవాడు. ఒకసారి అడిగి ఊరుకునే రకం కాదు, నేను బయల్దేరిన ప్రతిసారీ అడిగేవాడు.

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. సెలవు రోజుల్లో కొండలు ఎక్కిస్తాను, లోయలోకి దించుతాను. మా ఎర్రమల కొండలు ఎత్తులో గొప్పవేమీ కావు. మంచు లేదు, మేఘాలు తగలవు. కానీ గండికోట దగ్గర పెన్నానది ఆ కొండను నిలువునా కోసేసింది. అంచున నిలబడి కిందికి చూస్తే పెద్ద పెద్ద మాటలు మాట్లాడేవాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకు అది చాలు. వానలు వెనకపట్టి, ఎండలు ముదరకముందు, అంటే దసరా నుంచి శివరాత్రి దాకా మా సీజను.

మా అని ఎందుకన్నానంటే మేం ఇద్దరం. ఇప్పుడు ఇద్దరం కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ రెండో మనిషిది పులివెందుల పక్కన పల్లె. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలున్న రైతు కుటుంబం. మా పరిచయం గండి క్షేత్రంలో అయింది. శ్రావణమాసం, శనివారం, ఆంజనేయస్వామి గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. మా అమ్మను వరుసలో నిలబెట్టి నేను పాపాఘ్ని గట్టు మీదికి వచ్చేసరికి, ఎదురుగా బండ మీద సగం ఎత్తున ఒక భారీ మనిషి కూర్చుని ఉన్నాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. కింద జనం అతనికి సలహాలు ఇస్తున్నారు. ఒకాయన కుడికాలు పెట్టమంటాడు, ఇంకొకాయన ఎడమకాలు అంటాడు, ఒక ముసలమ్మ స్వామికి మొక్కుకోమంటుంది. నాకు అప్పటికే బండలంటే పిచ్చి. పక్క నుంచి ఎక్కి అతని దగ్గరికి చేరాను. చేరాక తెలిసింది, నేను కూడా దిగలేనని.

"నువ్వు నన్ను దించను వచ్చినావా, తోడుగా కూర్చోను వచ్చినావా?" అన్నాడతను.

ఎవరో గుడి దగ్గర పందిరికి తెచ్చిన మోకు విసిరితే దాన్ని రాతి కొమ్ముకు కట్టి, పట్టుకుని దిగాం. కిందికి వచ్చాక ఇద్దరం ఆపకుండా నవ్వాం. నేను బడిలో పని చేస్తానని తెలిసినప్పటి నుంచి నన్ను "అయ్యోరా" అనేవాడు. నేను అతన్ని "మామా" అనేవాణ్ణి. వరసేమీ లేదు, మా వైపు పిలుపంతే.

తర్వాత ఇద్దరం కలిసి ఉత్తరాదికి వెళ్ళి, మంచు కొండల్లో నెల రోజుల శిక్షణ తీసుకున్నాం. అక్కడ చలికి అతని మీసం గడ్డకట్టేది. "ఈ చలి మా ఊర్లో నాలుగు దినాలు ఉంటే చీనీ చెట్లు చచ్చి ఊరుకుంటాయప్పా" అని గుడారంలో తోట గురించి బాధపడేవాడు. అక్కడ నేర్చుకున్న వాటిలో మాకు పనికివచ్చింది మంచు విద్య కాదు, తాడు విద్య. తాడును ఒక కొస నుంచి రెండో కొస దాకా వేళ్ళ మధ్య నుంచి పోనివ్వాలి. కంటికి ఆనని తేడా వేలికి తెలుస్తుంది. లోపలి నార తెగితే అక్కడ మెత్తబడి సన్నగా ఉంటుంది. వేడి తగిలి పైతొడుగు కరిగితే గట్టిగా, నున్నగా అవుతుంది. ఏ తేడా తగిలినా ఆ తాడు మీద మనిషిని వేలాడదీయకూడదు. అంతే, దానికి ఇక వాదన లేదు.

తిరిగి వచ్చాక పని పంచుకున్నాం. మనుషులు నావి, తాళ్ళు అతనివి. వచ్చినవాళ్ళకు భయం పోయేలా మాట్లాడటం, నడుము పట్టీలు సరిగా బిగించడం, టోపీలు పెట్టించడం నా వంతు. తాళ్ళు చూడటం, బండకు కట్టడం అతని వంతు. బయల్దేరే పొద్దున అతను తాడంతా వేళ్ళ మీదుగా పోనిచ్చి "చూసినా అయ్యోరా" అనేవాడు. నేను ఇంకోసారి చూసేవాణ్ణి కాదు. భార్య వండిన కూరలో ఉప్పు ఉందో లేదో వేలు ముంచి చూడం కదా, అలాగే.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. లోయలోకి ఎప్పుడూ ముందు దిగేది అతనే. వచ్చినవాళ్ళు దిగేటప్పుడు వాళ్ళ నడుముకు రెండో తాడు కట్టి పైనుంచి పట్టుకుంటాం, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. మొదట దిగే మనిషికి మాత్రం ఒకటే తాడు. అతను నాకు ఒకటిన్నర రెట్లు ఉంటాడు. "నన్ను మోసిన తాడు ఎవురినైనా మోస్తాది" అని వచ్చినవాళ్ళ ముందు పొట్ట నిమిరి, నవ్వించి, అంచు దాటి కిందికి వెళ్ళిపోయేవాడు. అతను దిగాక వాళ్ళకు సగం భయం పోయేది. నిజం చెప్పాలంటే నాకూ అంతే.

మొదట్లో నా దగ్గరున్న తాడుతో సహా, తర్వాత సామానంతా వాళ్ళ ఇంట్లోనే ఉండేది. ప్రొద్దుటూరులో నేనుండేది రెండు గదుల కొంప, వాళ్ళది మాత్రం తోట పక్కన విశాలమైన ఇల్లు. వాళ్ళమ్మకు నేనంటే ప్రాణం. నేను మాంసం తిననని నాకోసం వేరే గిన్నె పెట్టింది. ఆ గిన్నెను ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. నేను వెళ్ళినప్పుడల్లా దాన్ని బోర్లించిన చోటు నుంచి తీసి, కడిగిందే మళ్ళీ కడిగి, అందులో పప్పు చేసేది. గడప దాటాక ఆ ఇంట్లో నాకు అతిథి మర్యాదలు ఉండేవి కావు. "బక్కగా అయినావే నాయనా, బళ్ళో పిల్లోళ్ళు నిన్ను నమిలి తింటాండారా?" అని తిడుతూనే వడ్డించేది. మా అమ్మ పోయిన తర్వాత నాకు ఒళ్ళు వెచ్చబడితే ఫోను చేయాలనిపించింది ఆమెకే.

ఆమె పట్టింపు ఒకటుండేది. దసరాకు ఆయుధపూజనాడు ఇంట్లో ఉన్న ఇనుమంతా దేవుడి ముందుకు రావాలి. పారలు, కొడవళ్ళు, మోటారు విప్పే రెంచీలు, బయట ట్రాక్టరు. వాటితోపాటు మా కొక్కేలు, టోపీలు, తాళ్ళు. "మీ పానాలు వాటి మీదనే కదా ఉండేది" అనేది. చుట్ట చుట్టిన తాళ్ళకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూర హారతి ఇచ్చేది. దసరా తర్వాత మొదటి వారాలు మా తాళ్ళు పచ్చపచ్చగా ఉండేవి. వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకునేవాళ్ళు. నాకు అది కొంచెం నవ్వులాటగా ఉండేది కానీ ఆమె ముఖం చూస్తే నవ్వబుద్ధి అయ్యేది కాదు.

ఆ ఏడాది ఆయుధపూజనాడు ప్రొద్దుటూరులో ఉత్సవాల హడావిడి, బస్సులు దొరకలేదు. బండి మీద వాళ్ళ ఊరు చేరేసరికి పూజ అయిపోయింది. దేవుడి గదిలో తాళ్ళు పూల కింద ఉన్నాయి. ఆమె నాకు ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డించింది, వద్దంటున్నా నెయ్యి పోసింది. అతను ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. పండగ పని, అలసట అనుకున్నాను. అనుకోక ఇంకేం అనుకుంటాను? ఆ ఇంట్లో నాకు అనుమానించే అలవాటు లేదు.

ఆ వారాంతం బెంగళూరు నుంచి ఒక గుంపు వచ్చింది. ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్ళు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ. మొదటిరోజు కొండల్లో నడిపించాం. మర్నాడు పొద్దున లోయలోకి దిగాలి. అతను తాళ్ళు బండకు కట్టాడు. నేను పట్టీలు బిగిస్తూ అటు తిరిగి అడిగాను.

"తాడు చూసినావా మామా?"

"చూసినా అయ్యోరా."

వచ్చినవాళ్ళను అంచుకు దూరంగా కూర్చోబెట్టాను. అతను పొట్ట నిమిరి చెప్పే మాట కోసం నేను కూడా ఎదురు చూస్తున్నాను. అతను నడుము మీద చేయి వేసుకుని, "ఈ పొద్దు నువ్వు ముందు దిగప్పా. నాకు నడుము పట్టుకునింది. రాత్రి గుడారంలో రాయి గుచ్చుకునింది" అన్నాడు.

అతనికి నడుము నొప్పి రావడం నేను ఎప్పుడూ వినలేదు. అయినా వయసు ఇద్దరికీ వస్తోంది కదా అనుకున్నాను. "రాత్రి సంగటి ఎక్కువైనాదిలే నీకు" అని వేళాకోళం చేసి, తాడును నా నడుముకున్న 'ఎనిమిది'లోంచి పోనిచ్చాను. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే లోహపు ముక్క అది. దాని గుండా తాడు జారుతుంది, మనం కిందికి వెళ్తాం. పైచేయి ఊరికే ఆసరా. అసలు పని కింది చేతిది. తాడు ముందు ఆ చేతిలోంచే వస్తుంది, తర్వాత ఎనిమిదిలోకి పోతుంది, తర్వాత మన తల పైన మన బరువంతా మోస్తుంది.

అంచు దాటాను. మొదట బండ మీద కాళ్ళు ఆనుతాయి. కొంత దిగాక బండ లోపలికి వంగిపోతుంది, అక్కడి నుంచి గాల్లో వేలాడటమే. ఆ చోటుకు వచ్చానో లేదో కింది చేతికి ఏదో గట్టిగా తగిలింది. కుంకుమ ముద్ద ఎండిపోయి ఉంటుందనుకుని పోనిచ్చాను. ఎనిమిది దగ్గర అది తట్టుకుని, గరుక్కుమని దాటింది. ఇంకొంచెం దిగాను. మళ్ళీ అలాంటిదే. ఈసారి ఆగి, కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాను. పసుపు దట్టంగా మెత్తి ఉంది. గోటితో గీకాను. పసుపు కింద తాడు నల్లగా, గాజులాగా ఉంది.

లెక్కల పంతుల్ని కదా, బుర్ర అక్కడ కూడా ఊరుకోలేదు. రెండు మచ్చల మధ్య దూరం తాడు చుట్టలో ఒక వరస పొడవంత ఉంది. అంటే తాడు విప్పి ఉన్నప్పుడు కాలలేదు. చుట్ట చుట్టి పెట్టినప్పుడు, పక్కపక్కనే ఉన్న వరసల మీద ఒకేసారి నిప్పు పడింది. చుట్ట చుట్టి, పసుపు రాసి, నిప్పు దగ్గరకు తెచ్చేది మా తాళ్ళను ఏడాదిలో ఒక్కనాడే. ఇంకో మచ్చ కింద ఉంటుందని చూడకముందే తెలిసిపోయింది. చేతికి అది తగలనే తగిలింది.

పైకి చూశాను. అంచు మీద బోర్లా పడుకుని అతను నన్నే చూస్తున్నాడు. మామూలుగా అయితే అక్కడి నుంచి ఏదో ఒకటి అరుస్తూ ఉంటాడు, మొసలి ఉందంటాడు, నీ బడి పిల్లలు కింద కాచుకుని ఉన్నారంటాడు. ఆ రోజు నోరు మెదపలేదు. నేను నల్లమచ్చ ఉన్న తాడును చేత్తో పైకెత్తి చూపించాను. మా కళ్ళు కలిశాయి. వెంటనే తల వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. తాడు కాలిందని కాదు, అది అప్పటికే తెలుసు. కాలిన సంగతి అతనికి ముందే తెలుసని తెలిసింది. ఏడుపు వచ్చింది. కాళ్ళ కింద పెన్నా నీళ్ళు, తల మీద కరిగిన తాడు, మధ్యలో వేలాడుతూ ఏడ్చాను. చావుభయంతో అయితే చెప్పుకోవడానికి సిగ్గుపడేవాణ్ణి కాదు. నా స్నేహితుడు తల వెనక్కి తీసుకున్నందుకు ఏడ్చాను.

పైకి ఎక్కాలన్నా ఆ మచ్చల మీదే భారం వేయాలి. అందుకని కుదుపు లేకుండా, తాడుకు నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా దిగాను. కాళ్ళు రాళ్ళకు ఆనగానే ఈల తీసి ఆపకుండా ఊదాను. ఎవరూ కదలొద్దని దానర్థం. పక్కనున్న గొర్రెల బాట పట్టుకుని ముళ్ళపొదల్లో ఒళ్ళు గీరుకుపోతుండగా పైకి వచ్చాను. వచ్చినవాళ్ళతో "ఈ రోజు తాడు బాగలేదు, నడిచి దిగుదాం" అన్నాను. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. వాళ్ళను టిఫిన్ల దగ్గర కూర్చోబెట్టి అతని దగ్గరికి వెళ్ళాను. అతను అప్పటికే తాడు పైకి లాగి చుడుతున్నాడు.

"చేత్తో చూసినావా తాడు?" అన్నాను.

"మెల్లగా మాట్లాడు. వాళ్ళు వింటాండారు."

నేను చుట్టలోంచి ఆ మచ్చ వెతికి అతని అరచేతిలో పెట్టాను. అతను ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడ్డ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, కాసేపటి కిందట అది నా మొహమే.

"యాడ కాలింది?"

"పూజలో. అమ్మ చేతిలో పళ్ళెం వంగింది. కర్పూరం బిళ్ళ పడింది."

"మరి ఆ పొద్దే చెప్పొచ్చు కదా. ఓళిగలు తింటా కూర్చున్నా కదా నీ ఎదురుగానే."

"పండగ పూట హారతి కింద పడిందని ఎవురన్నా చెప్పుకుంటారా అయ్యోరా? ఆయమ్మ మొహం ఎట్లుండిందో నువ్వు చూల్లేదు."

"సరే. ఈ పొద్దు?"

అతను వచ్చినవాళ్ళ వైపు చూశాడు. "చెప్తే నువ్వు ఆపేద్దామంటావు. అంత దూరం నుంచి వచ్చిండారు. ఇంకో తాడుంది, వాళ్ళ నడుముకు అది కడతాం. నువ్వు తేలిక. నీకేం కాదనుకున్నా."

"తెగింటే?"

"తెగలేదు కదా."

ఇదీ అతని జవాబు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండిపోతుంది. నన్ను మోసం చేసినందుకు ఒక మంట, నేను బతికి ఉండటాన్నే నా నోరు మూయడానికి వాడుకున్నందుకు ఇంకో మంట. నేను కింద రాళ్ళ మీద పడి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. అప్పుడు హారతి సంగతి కూడా ఎవరికీ చెప్పేవాడు కాదేమో.

"నీ నడుము నొప్పి ఎట్లుంది?" అన్నాను.

అతను వంగి, నీళ్ళ డబ్బాలున్న పెద్ద సంచిని ఒక్క ఊపున భుజానికెత్తుకున్నాడు. అందులో నటన కూడా లేదు. నడుము నొప్పి అని చెప్పిన సంగతే మరిచిపోయాడు.

నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు. "ఒక్కటి మాత్రం చేసిపెట్టు. అమ్మకు చెప్పొద్దు. కర్పూరం పడిందని తెలుసు గానీ తాడుకు ఏమైందో ఆయమ్మకు తెల్దు. నువ్వు దాని మీద దిగినావని తెలిస్తే కుమిలిపోతాది" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, అబద్ధం చెప్పను. సరేనన్నాను.

ఆ రోజు సాయంత్రానికి మా ఇద్దరి పని ముగిసిపోయింది. పెద్ద గొడవేమీ పడలేదు. అతను ఫోను చేస్తే నేను ఎత్తలేదు. కొన్నాళ్ళకు అతను చేయడం మానేశాడు. మా ఇద్దరినీ ఎరిగినవాళ్ళు ప్రొద్దుటూరు బస్టాండులో కనబడి, "ఏందప్పా, మామ వేరే, అయ్యోరు వేరే అయినారంట?" అని ఆరా తీసేవాళ్ళు. వాటాల దగ్గర చెడిందని వాళ్ళే అనుకుని వాళ్ళే సర్దుకునేవాళ్ళు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే హారతి దాకా వెళ్ళాలి, హారతి దాకా వెళ్తే ఆమె దాకా వెళ్ళాలి.

బడిలో పిల్లలకు భిన్నాలు చెబుతూ చెబుతూ ఆగిపోయేవాణ్ణి. ఎన్నోసార్లు అతని పక్షాన వాదించి చూశాను. పండగ పూట అశుభం పలకకూడదనుకున్నాడు, తల్లిని చిన్నబుచ్చలేకపోయాడు, వచ్చినవాళ్ళను తిప్పి పంపలేకపోయాడు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ పొద్దున అతను తన బరువును, నా బరువును మనసులో తూకం వేసుకున్నాడు. ఆ తాడు తనను మోయదని తేల్చుకున్నాడు. నన్ను మోయవచ్చని అనుకున్నాడు. ఆ 'వచ్చు' దగ్గర నా వాదన ప్రతిసారీ పడిపోయేది.

ఆమె మీద మాత్రం నాకు కోపం లేదు. పైగా జాలి. తన చేతిలో ఏం జరిగిందో కూడా తెలియని మనిషి, కొడుకు స్నేహితుడు ఎందుకు రావడం మానేశాడో తెలియక బాధపడుతూ ఉంటుంది అనుకునేవాణ్ణి. నేను కోల్పోయింది అతన్ని మాత్రమేనని, ఆ ఇంట్లో నా మనిషి ఒకరు ఇంకా ఉన్నారని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. సంక్షోభంలో మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

నా సామాను ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. అతను చీనీకాయల లోడుతో పోయి ఊళ్ళో ఉండడని తెలిసిన రోజు చూసుకుని బండి మీద వెళ్ళాను. ఆమె వసారాలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది.

"ఏం నాయనా, దారి మరిచిపోయినావా?"

"బళ్ళో పరీక్షలమ్మా."

"వాడూ ఏందో ఒకటి చెబుతాండాడులే. కొట్లాడుకునిండారని నాకు తెల్దా?" అంటూ లేచి మజ్జిగ తెచ్చింది. నేను తాగుతూ ఉంటే మళ్ళీ కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. నేను ఏ మాటా జారకుండా, సామాను ఏ గదిలో ఉందో అడిగి లేద్దామని చూస్తున్నాను. ఇచ్చిన మాట నాకు గుర్తుంది.

"ఆ తాడు పారేసినారా నాయనా?" అందామె.

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "ఏ తాడమ్మా?"

"అదే, నా చేత కాలింది. శానా కాలింది పాపం. నల్లగా కనబడతాంటే చూడలేక నేనే పసుపు మెత్తినా. మీరు పోయే పొద్దు వాన్ని లోపలికి పిలిచి చెప్పినా, ఈ తాడు కాలిండాది, నువ్వు మాత్రం దీని మీద దిగొద్దురా అని. నా మీద ఒట్టు పెట్టించుకున్నా. వాడు యాడ వింటాడు ఎప్పుడన్నా? ఆ పొద్దు విన్నాడు. ఆ స్వామి దయ."

ఆమె గొంతులో దాపరికం లేదు. కొడుకు తన మాట విన్నందుకు తృప్తి మాత్రం ఉంది.

"దాని మీద నేను దిగినానమ్మా" అన్నాను.

ఒలుస్తున్న చేతులు ఆగాయి. "నువ్వా?"

"నేనే."

"ఏం కాలేదు కదా నాయనా?"

"కాలేదు." అడగకుండా వచ్చేసి ఉంటే బాగుండేది. అడిగాను. "నేను కూడా ఆ తాళ్ళ మీద దిగుతానని నీకు తెలుసు కదమ్మా. నాకెందుకు చెప్పలేదు?"

ఆమె తప్పించుకోవడానికి చూడలేదు. నా మొహంలోకి చూస్తూ నిజంగానే ఆలోచించింది. ఆ పొద్దున తన మనసులో ఏం తిరిగిందో వెనక్కి వెళ్ళి వెతుక్కున్నట్టు కనబడింది.

"నీ సంగతి నాకు తోచలేదు నాయనా" అంది.

అంతే. నన్ను చంపాలని ఎవరూ అనుకోలేదు. నేను ఆమెకు తోచలేదు. 'నీకు కూడా చెప్పమన్నా, వాడే చెప్పలేదు' అని ఆమె ఒక్క అబద్ధం ఆడి ఉంటే నమ్మేవాణ్ణి. నమ్మడానికి సిద్ధంగానే ఆ వసారాలో కూర్చుని ఉన్నాను.